మెల్‌బోర్న్‌లో స్నేహితుల ఇంట్లో ఉన్నప్పుడు బంగారు గనుల ఊళ్లు చూసి రావడం ఎలా?

మెల్‌బోర్న్‌లో ఉంటున్న స్నేహితుల దగ్గరికి రెండు మూడు వారాలకు వెళ్లే మనవాళ్ల ప్రోగ్రామ్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక వీకెండ్ గ్రేట్ ఓషన్ రోడ్, ఇంకో వీకెండ్ పెంగ్విన్లు, మధ్యలో సిటీ, షాపింగ్ మాల్స్, నాలుగు ఇళ్లలో భోజనాలు. అవన్నీ చూడాల్సినవే. అయితే ఆ మహానగరానికి డబ్బు తెచ్చిపెట్టిన ఊళ్లు గంటన్నర, రెండు గంటల దూరంలోనే ఉన్నాయి. బల్లారట్, బెండిగో, కాసిల్‌మేన్, మాల్డన్. 1851లో అక్కడ బంగారం బయటపడింది. ప్రపంచం నలుమూలల నుంచి జనం ఓడలెక్కి వచ్చిపడ్డారు. వాళ్లు కట్టుకున్న బ్యాంకులు, థియేటర్లు, చర్చిలు, పోస్టాఫీసులు చాలావరకు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

ఈ ఊళ్లను కారు కిటికీలోంచి చూసి, రెండు ఫొటోలు తీసుకుని వచ్చేస్తే ఏమీ దక్కదు. రోజుకి ఒకే ఊరు పెట్టుకోండి, ఆ ఊరంతా నడవండి. ఈ ఒక్క నియమం పాటిస్తే కింద చెప్పినవాటిలో సగం మర్చిపోయినా ఫర్వాలేదు.

ముందు ఇంటివాళ్లతో మాట్లాడండి

అక్కడ మన స్నేహితుల ఇళ్లలో సాధారణంగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. పనిమనిషి ఉండదు. వారమంతా ఆఫీసు, స్కూలు, వంట అయ్యాక శని ఆదివారాల్లోనే ఇల్లు శుభ్రం చేసుకోవడం, సరుకులు తెచ్చుకోవడం, పిల్లల్ని ఈతకో డ్యాన్స్ క్లాసుకో తిప్పడం. మనం వచ్చామని ఆ రెండు రోజులూ మనకే ఇచ్చేస్తారు. మొహమాటంతో 'అలసిపోయాం' అని చెప్పరు. అందుకే వెళ్లిన రెండో రోజే మీరే చెప్పండి: "ఒక ఊరికి మీతో కలిసి వీకెండ్‌లో వెళ్దాం. మిగతావి మేమే వారం మధ్యలో రైల్లో చూసొస్తాం." ఈ మాటతో వాళ్ల సగం టెన్షన్ తీరిపోతుంది.

అందరూ కలిసి వెళ్లే రోజు కోసం కారులో సీట్ల లెక్క ముందే చూసుకోండి. అక్కడ ఏడేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు. వెనక రెండు చైల్డ్ సీట్లు బిగించి ఉన్న కారులో మధ్యన పెద్దమనిషి కూర్చోవడం కష్టం. నలుగురి కుటుంబం ఉన్న ఇంటికి మీరిద్దరు వెళ్తే మామూలు కారు చాలదు. ఒక రోజుకు పెద్ద కారు అద్దెకు తీసుకుని ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. లేదంటే మీరు రైల్లో బయల్దేరండి, వాళ్లు కారులో వస్తారు, ఊళ్లో కలుసుకోవచ్చు. పెట్రోల్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోరు కాబట్టి, బంకు దగ్గర ఆగినప్పుడు మీరే దిగి కట్టేయండి.

ఏ ఊరు?

మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలున్నవాళ్లు బల్లారట్ వెళ్లండి. మెల్‌బోర్న్‌కి పడమరగా 110 కిలోమీటర్ల పైచిలుకు. గనిలోకి దిగి చూడాలన్నా, చైనావాళ్ల చరిత్ర మీద ఆసక్తి ఉన్నా బెండిగో. అది వాయవ్యంగా 150 కిలోమీటర్లు. ఆవిరి రైలు ఎక్కి ఓ చిన్న ఊరికి వెళ్లాలనుకుంటే కాసిల్‌మేన్, మాల్డన్ కలిపి ఒక రోజు. అవి రెండూ పక్కపక్కనే కాబట్టి నా నియమానికి అదొక్కటే మినహాయింపు. బీచ్‌వర్త్ కూడా అందమైన ఊరే, తేనెరంగు రాతి కట్టడాలుంటాయి. ఆస్ట్రేలియావాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకునే బందిపోటు నెడ్ కెల్లీని 1880లో అక్కడి కోర్టులోనే హాజరుపరిచారు. కాకపోతే అది 280 కిలోమీటర్ల పైనే. రాత్రి బస చేసే వీలుంటేనే పెట్టుకోండి.

మీ స్నేహితులు బల్లారట్‌లోనో బెండిగోలోనో ఉంటున్నారేమో కూడా అడగండి. ఈ ఊళ్లు రీజనల్ వీసాల (పెద్ద నగరాల బయటి ప్రాంతాల్లో ఉండేవాళ్లకిచ్చే వీసాలు) కిందికి వస్తాయి కాబట్టి నర్సులు, డాక్టర్లు, ఇంజనీర్లు చాలామంది మనవాళ్లు అక్కడే స్థిరపడుతున్నారు.

ఇక కాలం సంగతి. మార్చి నుంచి మే దాకా వాళ్లకు ఆకురాలు కాలం, తిరగడానికి అన్నిటికన్నా మంచిది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, బెండిగోలో కొన్ని రోజులు 40 డిగ్రీలు దాటుతుంది. మన ఎండలు చూసినవాళ్లం కదా అని టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా బయల్దేరకండి. అక్కడి ఎండ చర్మాన్ని ఇంకా తొందరగా కాల్చేస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా బల్లారట్‌లో చలి గాలి ఎముకల్ని కొరికేస్తుంది. మెల్‌బోర్న్‌లో చాలిన స్వెటర్ అక్కడ చాలదు.

రైలు ఎక్కడం

ఈ రైళ్లను వీలైన్ అంటారు. 2023 మార్చి 31 నుంచి మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఎంత దూరం వెళ్లినా రోజుకి మెల్‌బోర్న్ సిటీ టికెట్ ధర మించి పడదు. అది దాదాపు 11 డాలర్లు, వీకెండ్‌లో ఇంకా తక్కువ. బల్లారట్‌కి, బెండిగోకి సిటీ రైళ్లలో, బస్సుల్లో వాడే మైకీ అనే టికెట్ కార్డే చాలు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ కార్డు తాకించాలి, మర్చిపోకండి.

చాలామంది సిటీలోని సదరన్ క్రాస్ స్టేషన్‌కి వెళ్లి రైలెక్కుతారు. మీ స్నేహితులది పడమటి వైపు ఇల్లయితే ఆ అవసరం లేదు. టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ. అక్కడివాళ్లు బల్లారట్ రైలు కోసం రాక్‌బ్యాంక్, కాబుల్‌బ్యాంక్, మెల్టన్ స్టేషన్లలో దేనికైనా కారులో వెళ్లి ఎక్కొచ్చు. టార్నీట్ నుంచి రైల్లో వచ్చి సన్‌షైన్‌లో బండి మారడం ఇంకో దారి. అన్ని బళ్లూ అన్ని స్టేషన్లలో ఆగవు. టైము ముందురోజు రాత్రే ఫోన్‌లో చూసుకోండి. వీకెండ్‌లో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సులు నడుపుతారు, అప్పుడు ప్రయాణం బాగా సాగుతుంది. రైలుకి వారం మధ్య రోజులే మేలు అనడానికి అదో కారణం.

మరీ సోమ, మంగళవారాలు పెట్టుకోకండి. చిన్న ఊళ్లలో మ్యూజియంలు, కాఫీ హోటళ్లు చాలావరకు ఆ రెండు రోజులూ మూసేస్తారు. బుధ, గురువారాలు హాయి.

కారే తీసుకెళ్తే ఒక సుఖం ఉంది: అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సుతో విజిటర్లు కొన్నాళ్లపాటు నడపొచ్చు. అయితే స్నేహితుడి కారు నడిపే ముందు ఆ ఇన్సూరెన్స్ మీకు వర్తిస్తుందా అని అతన్నే కనుక్కోమనండి. రౌండబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న బండికి దారివ్వాలి. స్పీడ్ కెమెరాలు ఎక్కడ ఉంటాయో తెలియదు, జరిమానా నోటీసు మీరు ఇండియా వచ్చేశాక స్నేహితుడి ఇంటికి వెళ్తుంది. ఫ్రీవే మీద 110 ఉన్న పరిమితి ఊళ్లోకి రాగానే 60కి, 50కి పడిపోతుంది. బోర్డులు చూస్తూ ఉండండి.

సంచిలో ఏం ఉండాలి

పులిహోర, చపాతీలు, మంచినీళ్లు. ఈ ఊళ్ల పార్కుల్లో బల్లలు, శుభ్రమైన టాయిలెట్లు, తాగునీటి కుళాయిలు ఉంటాయి. డబ్బా విప్పుకుని తింటే ఎవరూ వింతగా చూడరు. హోటల్లో తినాలనుకుంటే పన్నెండున్నరకల్లా కూర్చోండి. రెండు దాటాక వంటగది మూసేసే చోట్లు చాలా. శాకాహారులైతే బేకరీలో వెజిటబుల్ పాస్టీ అడగండి. మన కజ్జికాయలా మడిచి, అంచు నొక్కిన పిండిలో కూర పెట్టి కాలుస్తారు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు తెచ్చిన తిండి అది. బంగాళాదుంప చిప్స్ కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు కాబట్టి అడిగి తీసుకోండి.

ఒక డాలరు, రెండు డాలర్ల నాణేలు కొన్ని జేబులో ఉంచుకోండి. అవి బంగారు రంగులో ఉంటాయి. చిన్న మ్యూజియంల గుమ్మం దగ్గర 'గోల్డ్ కాయిన్ డొనేషన్' అని రాసి ఉంటే వాటిలో ఒకటి వేయమని అర్థం. ఆ మ్యూజియంలను నడిపేది రిటైరైన పెద్దవాళ్లు, జీతం లేకుండా. వాళ్లకు ఊరి చరిత్ర అంతా నోటికి వచ్చు. ఇండియా నుంచి వచ్చామని చెప్పి ఒక ప్రశ్న అడిగితే చాలు, బీరువా తాళం తీసి మరీ పాత ఫొటోలు చూపిస్తారు.

బల్లారట్‌లో నడక

స్టేషన్ దిగగానే నేరుగా సావరిన్ హిల్‌కి వెళ్లిపోవడం అందరూ చేసే పని. 1970లో మొదలైన ఆ బహిరంగ మ్యూజియంలో 1850ల నాటి వీధిని మళ్లీ కట్టి పెట్టారు. గుర్రపు బళ్లు, కమ్మరి కొలిమి, అప్పటి బట్టల్లో తిరిగే మనుషులు, కరిగించిన బంగారాన్ని అచ్చులో పోసి చూపించే గది. వాగు దగ్గర పళ్లెంతో ఇసుక కడిగి బంగారం వెతుక్కోవచ్చు, దొరికిన రజను మీదే. పిల్లలుంటే సగం రోజు దానికే ఇవ్వండి. కానీ ముందు ఒక రెండు గంటలు అసలు ఊరికి కేటాయించండి. సావరిన్ హిల్ మళ్లీ కట్టినది, ఊరు అప్పుడు కట్టినదే.

స్టేషన్ నుంచి లిడియార్డ్ స్ట్రీట్ మీదుగా దక్షిణంగా నడవండి. ఆర్ట్ గ్యాలరీ, 1875లో కట్టిన హర్ మెజెస్టీస్ థియేటర్, క్రెయిగ్స్ హోటల్, వరుసగా బ్యాంకులు. కింద ఉన్న షాపుల అద్దాలు చూడకండి. తల పైకెత్తి మొదటి అంతస్తు పైన, పిట్టగోడ నడుమ చూడండి. కట్టిన సంవత్సరం, కట్టించినవాళ్ల పేరు సున్నపు అక్షరాల్లో ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. కింద మొబైల్ షాపు ఉంటుంది, పైన అక్షరాలు ఒకప్పటి బ్యాంకు పేరు చెబుతాయి. నాలుగు సంవత్సరాలు చదివేసరికి ఆ ఊళ్లో డబ్బు ఎప్పుడు పోటెత్తిందో మీకే తెలిసిపోతుంది. ఆర్ట్ గ్యాలరీలోకి వెళ్లడానికి టికెట్ లేదు. 1884లో మొదలైంది, ఒక చిన్న ఊరు అంత పాతకాలంలోనే బొమ్మలు కొనిపెట్టుకుందంటే ఆ సంపద ఎంతటిదో ఊహించుకోండి.

అక్కడి నుంచి స్టర్ట్ స్ట్రీట్‌లోకి తిరగండి. మధ్యలో తోటలు, విగ్రహాలతో ఎంత వెడల్పాటి రోడ్డో చూడండి. చుట్టూ వీధులు గళ్ల నోటుపుస్తకంలా తిన్నగా ఉంటాయి. ఇప్పుడు తూర్పువైపు పల్లంలోకి నడిచి మెయిన్ రోడ్ పట్టుకోండి. అది వంకరటింకరగా పోతుంది. పడమటి గట్టు మీది వీధుల్ని సర్వేయర్ గొలుసు పట్టి కొలిచి గీశాడు. తూర్పు పల్లంలో గుడారాలు వేసుకున్న జనం గుంతల్ని తప్పించుకుంటూ నడిచిన బాటే తర్వాత రోడ్డు అయింది. ఈ తేడాను మీ కాళ్లతో నడిచి తెలుసుకోవాల్సిందే. అందుకే కారు ఆపుకుని దిగమంటాను.

తూర్పున యురేకా ఉంది, గని కార్మికులు ప్రభుత్వం మీద తిరగబడిన చోటు. బంగారం తవ్వాలంటే, దొరికినా దొరకకున్నా, ప్రతి మనిషీ లైసెన్సు కట్టాలి, మొదట్లో అది నెలకు 30 షిల్లింగులు. పోలీసులు వచ్చి లైసెన్సు చూపించమని వేటాడేవారు. 1854 నవంబర్‌లో బేకరీ హిల్ మీద వేలమంది చేరి ఆ కాగితాలను తగలబెట్టారు, నీలం మీద తెల్లటి నక్షత్రాల జెండా ఎగరేశారు, కర్రలతో, బళ్లతో అడ్డుగోడ కట్టుకున్నారు. డిసెంబర్ 3 ఆదివారం తెల్లవారకముందే సైన్యం పడింది. పోరాటం ఇరవై నిమిషాల్లోపే అయిపోయింది, ఇరవై మందికి పైగా గని కార్మికులు చచ్చిపోయారు. నాయకుడు పీటర్ లేలర్ ఎడమ చెయ్యి పోయింది. దేశద్రోహం కింద విచారించిన పదమూడు మందినీ 1855లో జ్యూరీ వదిలేసింది. ఆ ఏడాదే పాత లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండు రుసుముతో కొత్త హక్కుపత్రం వచ్చింది, దాంతోపాటే ఓటు హక్కు కూడా. ఒంటి చేతి లేలర్ తర్వాత అదే రాష్ట్ర శాసనసభకు స్పీకర్ అయ్యాడు.

ఆ జెండా ఇప్పుడు యురేకా సెంటర్‌లో ఉంది. మసక వెలుతురు గదిలో పెట్టారు, ఎందుకంటే ఎక్కువ వెలుగు తగిలితే ఉన్ని పాడైపోతుంది. దగ్గరికి వెళ్లి చూడండి. ఒక పక్క గుడ్డ బాగా పోయింది. జ్ఞాపకంగా దాచుకోవడానికి జనం ఏళ్ల తరబడి ముక్కలు కత్తిరించుకున్నారు. మిగిలినదాంట్లో చేత్తో కుట్టిన నక్షత్రాల కుట్లు చూస్తుంటే, అది మ్యూజియం వస్తువని మర్చిపోతాం. నా లెక్కలో బల్లారట్ మొత్తంలో తప్పకుండా చూడాల్సింది ఏదైనా ఒకటుంటే అదే.

కారు ఉంటే తిరుగు ప్రయాణానికి ముందు పడమటి కొసన అవెన్యూ ఆఫ్ ఆనర్ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఊరివాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు చొప్పున దాదాపు 22 కిలోమీటర్ల పొడవునా నాటారు. నాటింది ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్లు, 1917 నుంచి 1919 దాకా. చెట్ల మొదట్లో పేర్ల ఫలకాలు ఉంటాయి.

బెండిగోలో భూమి కిందికి

బల్లారట్‌లో మొదట వాగుల్లో, మట్టిలో బంగారం దొరికింది. బెండిగోలో అసలు సంపద లోతైన తెల్లరాయి పొరల్లో ఉంది. దాన్ని తీయాలంటే పెద్ద కంపెనీలు, ఆవిరి యంత్రాలు, రాయి పగలగొట్టే రోకళ్లు కావాలి. సెంట్రల్ డెబోరా గని 1939 నుంచి 1954 వరకు నడిచింది. గైడుతో కలిసి అందులో 61 మీటర్ల లోతుకు దిగొచ్చు, ఇంకా లోతుకు తీసుకెళ్లే టూర్లు కూడా ఉన్నాయి. ముందే బుక్ చేసుకోండి. కాలిని పూర్తిగా కప్పే బూట్లు వేసుకోండి, చెప్పులతో రానివ్వరు. లిఫ్టులో దిగేటప్పుడు చీకటి, తడి. ఇరుకు చోట్లలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లుంటే, వాళ్లు పైన యంత్రాలు, గని కార్మికుల బట్టలు మార్చుకునే గది చూస్తూ ఉండొచ్చు.

లోపల గైడు డ్రిల్లు ఆన్ చేసి రాయిలో రంధ్రం ఎలా వేసేవారో చూపిస్తాడు. ఆ చప్పుడు విన్నాక దుమ్ము గురించి అడగండి. నీళ్లు చల్లే డ్రిల్లులు రాకముందు ఆ రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడి నడివయసులోనే పోయినవాళ్లు బెండిగోలో లెక్కలేనంత మంది. చిత్తూరు సరిహద్దు అవతల కోలార్ గనుల్లో పనిచేసిన మన తెలుగు, తమిళ కుటుంబాలకు ఈ జబ్బు బాగా తెలుసు. రెండుచోట్లా కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని మేస్త్రీలే ఉండేవారు. కోలార్ గని 2001లో మూతపడింది, మూడు కిలోమీటర్లకు పైగా లోతు. బెండిగోలో మాత్రం మూతపడిన గనిని జాగ్రత్త చేసి, దాని చరిత్ర చెప్పుకుంటున్నారు. కోలార్ అలా ఎందుకు కాలేకపోయింది అన్న ప్రశ్న అక్కడ నిలబడితే రాకుండా ఉండదు.

గని దగ్గరే పాత ట్రామ్ ఎక్కండి. నడుస్తూనే ఊరి కథ చెబుతుంది, మధ్యలో దిగి మళ్లీ ఎక్కొచ్చు. చివర్లో ఎర్ర రంగు ఇటుకలతో 1870లలో చైనావాళ్లు కట్టుకున్న చిన్న గుడి ఉంది. ఇప్పటికీ అగరుబత్తీలు వెలుగుతాయి. చెప్పాల్సిన విషయం ఏమిటంటే, 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనావాడి మీద పది పౌండ్ల పన్ను వేసింది. అది కట్టలేక వేలమంది పక్క కాలనీ అయిన సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, కావళ్లు మోసుకుంటూ వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు. దారిలో ఆగిన ఒక గుంపుకి 1857లో బంగారం దొరికిన చోటే ఇప్పటి అరరట్ పట్టణం. ఇంత అవమానపడ్డ వాళ్లే 1870ల నుంచి ఊరి ఆస్పత్రికి విరాళాలు పోగుచేయడానికి ఈస్టర్ ఊరేగింపులో పాల్గొనడం మొదలుపెట్టారు, తర్వాత డ్రాగన్‌ని కూడా తెచ్చారు. ఇప్పటికీ ఆ ఊరేగింపు సాగుతోంది. పాత డ్రాగన్లు గోల్డెన్ డ్రాగన్ మ్యూజియంలో ఉన్నాయి. 1901లో ఊరేగిన లూంగ్ అనే డ్రాగన్ తల ముందు కాసేపు ఆగండి: పట్టు, చిన్న చిన్న అద్దాలు, కుచ్చులు, అన్నీ చేతిపనే. మీ ప్రయాణం ఈస్టర్ సమయంలో పడితే మిగతా ప్లాన్లు పక్కన పెట్టి ఆ రోజు బెండిగోలో ఉండండి.

కాసిల్‌మేన్ నుంచి మాల్డన్‌కు ఆవిరి బండి

బెండిగో రైలు దారిలోనే కాసిల్‌మేన్ వస్తుంది. అక్కడి స్టేషన్‌లోనే ఇంకో ప్లాట్‌ఫాం మీద పాత ఆవిరి రైలు మాల్డన్‌కి బయల్దేరుతుంది. వారంలో కొన్ని రోజులే నడుస్తుంది, బాగా ఎండల రోజుల్లో నిప్పురవ్వల భయంతో ఆవిరి బదులు డీజిల్ ఇంజన్ కట్టొచ్చు. ముందు ఆ బండి నడిచే రోజు ఖాయం చేసుకుని, తర్వాత మిగతాది దాని చుట్టూ అమర్చుకోండి.

మాల్డన్ జనాభా రెండు వేలు కూడా ఉండదు. 1960లలో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్ట్రేలియా మొత్తంలో మొదటి 'చెప్పుకోదగ్గ పట్టణం'గా గుర్తించింది ఈ ఊరినే. గుర్తింపు రావడానికి కారణం, బంగారం అయిపోయాక ఊళ్లో డబ్బు లేకపోవడం. పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. మెయిన్ స్ట్రీట్‌లో పేవ్‌మెంట్ పైకి చాచిన రేకుల పంచలు, చెక్క స్తంభాలు, గోడల మీద వెలిసిపోయిన పాత ప్రకటనలు అలాగే ఉండిపోయాయి. గంటన్నరలో ఊరంతా నడవొచ్చు. కారు ఉంటే టారెంగోవర్ కొండ మీది టవర్ ఎక్కి చుట్టూ చూడండి, తవ్వకాల గుట్టలు పైనుంచి బాగా తెలుస్తాయి.

కాసిల్‌మేన్‌లో పాత మార్కెట్ భవనం తర్వాత ఊరికి కాస్త బయట ఉన్న పెన్నీవెయిట్ ఫ్లాట్ అనే చిన్న శ్మశానానికి వెళ్లండి. 1852 నుంచి 1857 దాకా దాదాపు రెండు వందల మందిని అక్కడ పూడ్చిపెట్టారు, ఎక్కువమంది పసిపిల్లలు. గుడారాల మధ్య మంచినీళ్లు లేవు, వాగులన్నీ బంగారం కడిగిన బురదే. సమాధుల మీద చాలావరకు పేర్లు లేవు, చుట్టూ పేర్చిన రాళ్లే. బంగారం కథలో పెద్ద ముద్దల గురించే ఎక్కువ వింటాం: 1869లో డనోలీ దగ్గర నేలకు అంగుళం లోతులో దొరికిన 'వెల్‌కమ్ స్ట్రేంజర్' తూచడానికి త్రాసు చాలక, దాగలి మీద పెట్టి ముక్కలు చేయాల్సి వచ్చింది. ఆ కథ చెప్పే గైడుని ఈ పిల్లల గురించి కూడా అడగండి. అలాగే ఆ నేల అసలు హక్కుదారుల గురించి. బల్లారట్ వైపు వదవురుంగ్, బెండిగో, కాసిల్‌మేన్ వైపు జా జా వురుంగ్ ప్రజలు వేల ఏళ్లుగా ఉన్న చోటు అది. తవ్వకాలు వాళ్ల వాగుల్ని, వేటను, బతుకును ఛిన్నాభిన్నం చేశాయి. ఇప్పుడు ఊళ్లలో పెట్టిన బోర్డుల మీద వాళ్ల పేర్లు, వాళ్ల కథ కనిపిస్తాయి. ఆగి చదవండి.

కొన్ని జాగ్రత్తలు

కాసిల్‌మేన్, మాల్డన్, బెండిగో చుట్టుపక్కల అడవుల్లో పాత గని బావులు మూతలేకుండా ఉన్నాయి. ఎండుటాకులు, పొదలు కప్పేసి ఉంటాయి. గుర్తు వేసిన బాట వదిలి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకండి, పిల్లల చెయ్యి పట్టుకునే నడవండి. దారిలో ఎక్కడపడితే అక్కడ బంగారం వెతకడం కుదరదు. 'మైనర్స్ రైట్' అనే పర్మిట్ కొనుక్కోవాలి, అది ఉన్నా కొన్ని చోట్ల నిషేధం. యురేకా తర్వాత వచ్చిన హక్కుపత్రానికి ఉన్న పేరే ఇప్పటికీ దానికి ఉంది.

ఎండాకాలంలో రోడ్ల పక్కన అర్ధచంద్రాకారపు బోర్డులు అగ్ని ప్రమాదం ఏ స్థాయిలో ఉందో చెబుతాయి. ముల్లు 'ఎక్స్‌ట్రీమ్' మీదో, ఆ పైన 'కెటాస్ట్రాఫిక్' మీదో ఉన్న రోజు ప్రయాణం మానుకోండి. ఫోన్‌లో విక్ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోండి. అత్యవసరానికి నంబరు మూడు సున్నాలు, 000. మధ్యలో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కారులో వెళ్తే పొద్దుగూకక ముందే బయల్దేరండి. కంగారూలు మేతకు వచ్చేది సందెవేళ, తెల్లవారుజామునే. ఒకటి రోడ్డు దాటితే వెనకే ఇంకోటి ఉంటుంది. అడ్డం వస్తే స్టీరింగ్ పక్కకు తిప్పకుండా గట్టిగా బ్రేక్ వేయండి. పక్కకు తిప్పి చెట్టుకు గుద్దుకోవడమే ఎక్కువ ప్రమాదం. రైల్లో వెళ్తే ఆఖరి బండికి ముందు బండిని మీ బండిగా పెట్టుకోండి. తిరిగి వచ్చే దారిలో బేకరీ నుంచి ఒక రొట్టె, ఊరి తేనె సీసా ఒకటి స్నేహితుల ఇంటికి పట్టుకెళ్లండి. ఆ రాత్రి వంట మీరు చేస్తామని పొద్దున్నే చెప్పి వెళ్తే ఇంకా మంచిది.